పాపికొండలకి రెండు ఖాళీ డబ్బాలు

మా అత్తవారింట్లో అందరూ నాకు ఈత వచ్చనుకునేవారు. ఆ అబద్ధం చెప్పింది నేనే.

నేను పుట్టింది సముద్రం ఒడ్డు ఊళ్లో. నాన్న తెప్ప మీద వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. తొంభైల మొదట్లో నర్సీపట్నంలో పిన్ని ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటుంటే, ఆ క్లాసుకే వచ్చే ఆ ఊరి రైతుల అబ్బాయి పరిచయమయ్యాడు. రెండిళ్లవాళ్లూ అలిగి, తిట్టుకుని, చివరికి పెళ్లి చేశారు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు మా ఆడపడుచు ముక్కు మూసుకుని, చేపల వాసనేదో వస్తోందని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. “మీరు చెరుకు తోటల్లో నడిచినట్టు మేం అలల్లో ఈదుతాం. మీలో ఒక్కరికైనా వచ్చా?” అనేశాను. ఆమె నోరు మూతపడింది. ఆ రోజుకి అదే గొప్పనుకున్నాను.

నిజం వేరు. మా ఊళ్లో ఆడది తెప్ప ఎక్కితే వేట పడదనేవారు. పోనీ ఒడ్డునైనా ఈత నేర్చుకున్నానా అంటే, నా పదో ఏట నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. ఊరంతటికీ బాగా ఈదేవాడు ఆయనే. మూడో రోజు తెప్ప ఒక్కటే కొట్టుకొచ్చింది. ఆ తర్వాత నా పాదాలు తడిస్తే చాలు, అమ్మ జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేది.

నర్సీపట్నంలో ఈతతో పనేముంది? ఏళ్ల తరబడి ఆ అబద్ధం సుఖంగా బతికింది. మా ఆయన దాన్ని స్నేహితులకి చెప్పుకునేవారు. మా అమ్మాయి బడిలో చెప్పుకునేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక డిసెంబరులో, మా ఆయన ఆఫీసులో నాలుగు కుటుంబాలు కలిసి పాపికొండలకి లాంచీ మీద వెళ్దామనుకున్నారు. గోదావరి మీద పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగడం. అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ కబురు వింటూనే గెంతులేసింది.

“పిల్లకి ఈత రాదు కదండీ” అన్నాను.

“నీకొచ్చు కదేటి? అందరికీ అదే సెప్పాను. మాతో సముద్రం మనిషుంది, మీకేటి బయం అని” అన్నారాయన అన్నం కలుపుకుంటూ.

నోరు తెరిచాను. అప్పుడే అమ్మాయి నా భుజం మీద వాలి, “నేను పడిపోతే మా అమ్మ దూకీసి తీసీగలదు” అంది. తెరిచిన నోరు మూసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ప్రయాణం ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ నేను సర్దుతూనే ఉన్నాను. చలికాలం, పైగా ఏటి గాలి. మాకు చింతపల్లి వైపు కొండల నుంచి దిగే చలి అలవాటే అయినా, నీటి మీద ఇంకా ఎక్కువగా ఉంటుందన్నారు. మంకీ క్యాపులు, మేజోళ్లు, మా అత్తకి దుప్పటి, వాంతుల మాత్రలు, ఫ్లాస్కు, జంతికలు, పులిహోర. విశాఖపట్నంలో ఫుట్‌పాత్ మీద నేపాలీల దగ్గర కొన్న ఎర్ర ఉన్ని స్వెట్టరు అమ్మాయికి. దాన్ని సంచిలో పెట్టబోతుంటే ఒక ఆలోచన వచ్చి ఆగిపోయాను. ఇది తడిస్తే ఎంత బరువుంటుంది?

బాత్‌రూంలోకి పట్టుకెళ్లి బకెట్లో ముంచాను. పైకెత్తితే రెండు చేతులూ కిందికి లాగేసింది. ఆ బరువులో నా కూతురు కిందికి పోతున్నట్టు కనిపించి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. స్వెట్టరు మూడు రోజులకి గాని ఆరలేదు. “కొత్త బట్టని ఉతికీసినావేటే? మతి గాని పోనాదా?” అని అత్త తిట్టింది. పోయిందనే అనుకున్నాను. లాంచీ ఎక్కాక పిల్లకి స్వెట్టరు వేయాలా, చలికి వదిలేయాలా? రోజూ ఇదే గొడవ నాలో నాకు.

అప్పుడు గుర్తొచ్చింది, మా ఊళ్లో మగపిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి ఖాళీ డబ్బాలు కట్టుకునేవారని. ఇంట్లో అయిదేసి లీటర్ల నూనె డబ్బాలు రెండున్నాయి. సబ్బుపొడి వేసి కడిగాను. మూతలు గట్టిగా బిగించి, పెరట్లో సిమెంటు కుండీలో ఒక్కోదాన్ని ముంచాను. ఎంత నొక్కినా ఎగిరి పైకొచ్చాయి. ఆ వారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే. పాత నూలు చీర చింపి పట్టీలు పేనాను. ఇవన్నీ ఎందుకని ఇంట్లో అడిగితే, గోదావరి నీళ్లు తెచ్చుకోవడానికన్నాను. ఒక అబద్ధాన్ని కాయడానికి ఇంకో అబద్ధం.

బయల్దేరిన మధ్యాహ్నం వ్యాను వాకిట్లోకొచ్చి హారన్ కొడుతోంది. “బేగి రండే” అని అత్త అందరికంటే ముందెక్కి కూర్చుంది. డబ్బాలు ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాయి. నేను తలుపులు తాళాలేసుకుని, పట్టీలున్న సంచి ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఆ సంచినే తడుముకుంటూ కూర్చున్నాను.

రాత్రికి సత్రంలో ఉండి పొద్దున్నే రేవుకి చేరాం. మంచు కమ్మేసి అవతలి ఒడ్డు కనిపించడం లేదు. నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో కూడా తెలియడం లేదు, చప్పుడే వినిపిస్తోంది. లాంచీలో లైఫ్ జాకెట్లున్నాయా అని అడిగాను. పెద్దవాళ్లవి నాలుగుంటే ముందెక్కినవాళ్లు తీసేసుకున్నారు, పిల్లలవి అసలు లేవన్నాడు లాంచీ మనిషి.

డబ్బాలు అందుకుందామని వ్యాను దగ్గరికి పరుగెత్తాను. ఒకదాన్ని ఎత్తబోతే బరువుకి చెయ్యి కిందికి లాగేసింది. రెండోదీ అంతే. రెండూ మూతి దాకా నీళ్లు.

“అత్తా, వీటిలో నీళ్లెవరు పోశారు?”

“నేనే పోసినాను. కాళీ డబ్బాలు పట్టుకుని పెయానం ఎవులైనా కడతారేటే? ఎంత అపశకునం. పిల్ల కూడా ఉంది కదా అని మన నూతి నీళ్లు నింపినాను.”

ఆమె కూడా పిల్ల కోసమే పోసింది. నాకు కోపం రాలేదు. గోదావరి గట్టు మీద, అందరూ చూస్తుండగా, మూతలు తీసి ఆ నీళ్లన్నీ ఇసకలో ఒంపేశాను. అత్త నోటి మీద చెయ్యేసుకుంది. మా ఆయన పరుగెత్తుకొచ్చి, “ఏటే, ఏటైంది నీకు?” అన్నారు.

“నాకు ఈత రాదండీ” అన్నాను. “ముందు నుంచీ రాదు. నీళ్లంటే నాకు చచ్చేంత భయం.”

నేనిక ఆయన మొహం చూడలేదు. అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని, స్వెట్టరు విప్పి, వీపుకొకటి పొట్టకొకటి డబ్బాలు పెట్టి, చీర పట్టీలతో కట్టడం మొదలుపెట్టాను. మూడోసారికి గాని ముడి పడలేదు. అంతసేపూ లాంచీ మేడెక్కుతానని గెంతుతున్న పిల్ల గెంతడం మానేసింది. ఒకసారి నీళ్లవైపు చూసింది, ఒకసారి నావైపు. పది రోజులూ నా ఒక్కదానిలోనే ఉన్న భయం దాని కళ్లల్లోకి రావడం నా కళ్లతో చూశాను. అంత బాధ నాకు నాన్న పోయినప్పుడు కూడా తెలియలేదు.

“అయితే నువ్వు పడిపోతే?” అంది.

“నేను పడనులే.”

“పడితే ఎవరు తీస్తారు?”

అది చలికి వణుకుతూనే, నేను అంత కష్టపడి వేసిన ముడి ఊడదీసింది. పొట్ట మీది డబ్బా తీసి నా పొట్టకి ఆనించి, “పట్టుకో” అని, చీర పట్టీ నా వెనక్కి తిప్పి, బూటు లేసు కట్టినట్టు ముడేసింది. దానికి వచ్చిన ముడి అదొక్కటే.

అలాగే ఎక్కాం, చెరో డబ్బాతో, చెయ్యి చెయ్యి పట్టుకుని. మా డబ్బాల్ని చూసి లాంచీలో అందరూ నవ్వారు. తొందరలో మూత సరిగా బిగించలేదు కాబోలు, లోపల మిగిలిన మా నూతి నీళ్లు చుక్కచుక్కగా నా చీరలోకి కారుతూనే ఉన్నాయి. అది మునిగిపోయే డబ్బా అని నాకు తెలుసు. సాయంత్రం దిగేదాకా విప్పలేదు.