మూత పోయినవారికి మూత

నేను డబ్బాలమ్మేదాన్ని. కంపెనీ వాళ్ళిచ్చిన కార్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద హోదా ఉండేది గానీ, అమీర్‌పేటలో మా సందు మొత్తానికి నేను డబ్బాల మేడమ్‌నే. ఆ పేరు వింటే మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత పిలవగానే పలికేదాన్ని.

అవి ఊరికి ఊరే కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజులు. మా సందు మొదట్లో గోడ కనపడకుండా కోర్సుల బోర్డులు. ఇడ్లీ బండి దగ్గర పిల్లలు చట్నీ వేయించుకుంటూ కూడా ప్రోగ్రాముల గురించే కొట్టుకునేవాళ్ళు. నాకు అవేవీ రావు. నాకొచ్చిందల్లా పదిమంది ఆడవాళ్ళని ఒక ఇంట్లో కూర్చోబెట్టి, సమోసాలు పెట్టించి, రెండు ఆటలాడించి, ఆ ఊపులో పప్పు డబ్బాలూ కారం డబ్బాలూ అమ్మడం. మూత మధ్యలో నొక్కి, ఒక మూల కాస్త ఎత్తితే లోపలి గాలి 'టుప్' మని బయటికొస్తుంది. ఆ చప్పుడు వినిపించానా, ఇక వాళ్ళు నా చేతిలో ఉన్నట్టే. పైగా ప్లాస్టిక్కుకి జీవితకాలం గ్యారంటీ. ఎవరి జీవితకాలం అని ఒక్కరూ అడగలేదు, అడిగితే నాకూ తెలీదు.

మా పక్కన ఆడపిల్లల హాస్టలుండేది. అందులో ఒక అమ్మాయికి అప్పుడే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఒకరోజు పార్టీలో నేను మంచి ఊపు మీదుండి, "మీ దగ్గర అన్నిటికన్నా విలువైంది ఏదైనా ఇవ్వండి, డబ్బాలో పెట్టి బకెట్లో ముంచేస్తా" అన్నాను. ఆడవాళ్ళందరూ మెడలో గొలుసులు గట్టిగా పట్టుకున్నారు. ఆ పిల్ల మాత్రం హాస్టలుకి పరిగెత్తి ఫైలు తెచ్చింది. పదో తరగతి నుంచి ఇంజనీరింగు దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు! నీలం మూతున్న వెడల్పాటి పలక డబ్బాలో పెట్టి, బకెట్లో ముంచి, పైన బండరాయి పెట్టి, టీలు తాగాం. తీసి చూస్తే ఒక్క చుక్క లేదు. చప్పట్లు!

అక్కడితో ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకుంటుందా? "అమ్మాయ్, నీ హాస్టల్ గది ఎలాగూ కురుస్తుంది. ఈ డబ్బా నా దగ్గరే ఉండనీ, వచ్చే ఆదివారం పార్టీలో కూడా చూపిస్తా" అన్నాను. సరేనాంటీ అంది పాపం. పెద్దదాన్ని కదా, నమ్మింది.

ఆ వారంలోనే వచ్చింది వాన. రెండు రోజులు ఆగకుండా కొట్టింది. మూడో రోజు పొద్దున కాఫీకి నీళ్ళు పెడుతుంటే కాళ్ళకి చల్లగా తగిలింది. చూద్దును కదా, ఇంటి వెనక మురుగు నాలా పొంగి వంటింట్లోకి వచ్చేసింది. మాది కింది వాటా. లక్డీకాపూల్‌లోని ఆఫీసుకి తయారవుతున్న మా ఆయన ప్యాంటు మడిచి, టీవీ నెత్తిన పెట్టుకుని మంచమెక్కాడు.

"డబ్బాలండీ! డబ్బాలు!" అని అరిచాను.

"అవి నీళ్ళలో పాడవ్వవని నువ్వే చెప్తావుగా" అన్నాడు టీవీ కిందనుంచి.

నిజమే, పాడవ్వలేదు. ముందుగదిలో పేర్చిన అట్టపెట్టెలు నాని విచ్చుకున్నాయి. మూతలు బిగించిన డబ్బాలు ఒక్కొక్కటే పైకి లేచాయి. నేనేమో నీళ్ళు బయటికి పోతాయని వీధి తలుపు బార్లా తీశాను. నీళ్ళు పోలేదు, డబ్బాలు పోయాయి. ఎర్రవీ, పచ్చవీ, గుండ్రాలూ, పలకలూ, పెళ్ళికి బయల్దేరినట్టు వరసగా గుమ్మం దాటి, కోర్సుల కరపత్రాలతో కలిసి సందులోకి తిరిగాయి. వాటి వెనకే అలమర కింది అరలో ఉండాల్సిన నీలం మూత డబ్బా. నడుం లోతు నీళ్ళలో దాని వెంట పడ్డాను. ఎక్కడ దొరుకుతుంది? మలుపు దగ్గర చెప్పు ఊడిపోయి ఆగిపోయాను.

తలెత్తి చూస్తే మా ఇంటి ఓనరమ్మ, పైవాటాలోంచి బకెట్‌కి తాడు కట్టి నా డబ్బాల్నే పడుతోంది.

"ఓ డబ్బాల మేడం! నీ కోసమే పడ్తున్న! జర ఫికర్ చెయ్యకు!" అని కేకేసింది. ఆవిడ పట్టినవి నేను చూస్తుండగా తొమ్మిది. సాయంత్రం నాకు చేరినవి మూడు.

మర్నాటికి నీళ్ళు తీశాయి. ఇల్లంతా బురద. చీపురుతో తోస్తుంటే ఆ అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. వచ్చే సోమవారమే ఉద్యోగంలో చేరాలి. ఒరిజినల్స్ చూపించకపోతే వరసలో తర్వాత వాళ్ళని పిలుస్తామని ముందే చెప్పారట. యూనివర్సిటీ నుంచి నకళ్ళు తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది. నేను నోరు తెరిచి ఏం చెప్పానో గుర్తులేదు.

"పర్లేదాంటీ" అంది. తిట్టినా బాగుండేది. ఆ ఒక్క మాటకి నాకు అన్నం సహించలేదు.

రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. ఏం చెప్పమంటారు, ఎవరింట్లో చూసినా నా డబ్బాలే! షెల్ఫుల మీద బారులు తీరి ఉన్నాయి. "ఇవా, మా ఆడపడుచు పెట్టింది" అంటుంది ఒకావిడ. "మా పెళ్ళప్పటివి" అంటుంది ఇంకొకావిడ, అసలా కంపెనీ మన ఊళ్ళోకి వచ్చి మూడేళ్ళు కాలేదు. దొంగతనం అంటగడితే ఉన్నవి కూడా దాచేస్తారు. నీలం మూత డబ్బా ఏ అటక మీదుందో, లోపలి కాగితాలు ఏమయ్యాయో!

మూడో రోజు ఒక మహాతల్లి నా ఇంటికే వచ్చింది. చేతిలో మూత లేని డబ్బా. "గ్యారంటీ అన్నారు కదండీ, మూత పోయింది, మార్చివ్వండి" అంది. డబ్బా తిప్పి చూస్తే అడుగున నా చేత్తో అంటించిన చీటీ ఇంకా ఊడలేదు. నా సొంత డబ్బా, నాకే గ్యారంటీ! దులిపేద్దామని గాలి పీల్చుకున్నాను. పీల్చుకున్నది పీల్చుకున్నట్టే ఆగాను. అడిగితే ఇవ్వనివాళ్ళు మూత కోసమైతే పరిగెత్తుకొస్తారన్నమాట!

వెంటనే బస్సెక్కి పంజగుట్టలో కంపెనీ ఆఫీసుకెళ్ళాను. అక్కడ వారం వారం మీటింగు. మా పై మేడమ్ మైకు పట్టుకుని, వరదని మించిన డెమో ఇంకోటి ఉండదు, డబ్బా తేలిందంటే మన గొప్పే అని చెప్తోంది. నాకు మూతలు కావాలి, రకానికి పది, అన్నాను. "చూశారా! ఇల్లు మునిగినా కస్టమర్ని మరిచిపోలేదు!" అని నన్ను స్టేజీ ఎక్కించి దండేసింది. బురద మరకల చీరతో దండేసుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఫోటో కూడా తీశారు.

సందు మొదట్లో బోర్డుల మధ్య కాగితం అంటించాను: "మూత పోయినవారికి మూత. మీ దగ్గరున్న డబ్బా ఏదైనా సరే తీసుకురండి. ఆదివారం నాలుగింటికి. టీ, సమోసా." మర్నాడే ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరాల్సిన సోమవారం.

మా ఇల్లింకా కంపు కొడుతోందని ఓనరమ్మ తన హాలిచ్చింది. నాలుగు కాకముందే మెట్ల దాకా జనం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎవరి గిన్నె అయినా, డబ్బా అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు, ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసివ్వాలి. మా అమ్మ దగ్గర్నుంచి మా ఓనరమ్మ దాకా, కోస్తావాళ్ళూ తెలంగాణవాళ్ళూ గొడవ పడకుండా ఒప్పుకునే పద్ధతి అదొక్కటే. అక్కడే దొరికిపోయారందరూ. ఒక డబ్బాలో గోంగూర పచ్చడి. ఇంకోదాంట్లో సర్వపిండి. ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చిన టీచరమ్మ కేకు ముక్కలు తెచ్చింది. సొంత డబ్బాకి మూత మార్పించుకోడానికొచ్చేవాళ్ళు పచ్చడి ఎందుకు తెస్తారండీ?

"మీదని కాదు, ఊరికే తెచ్చా" అంటూ చేతిలో పెట్టింది ఆడపడుచు పెట్టిందన్నావిడ.

నేనూ ఊరికే పుచ్చుకున్నాను. ఎవరూ దొంగలు కాదు, నేనేమీ పోగొట్టుకోలేదు, అందరం టీ తాగుతున్నాం. నా డబ్బాల్నే నా ముందు పెట్టుకుని, వాళ్ళకే 'టుప్' మనిపించి చూపించాను. చప్పట్లు కొట్టారు. బ్యాగులో పిన్నీసు ఎవరి దగ్గరుంటే వాళ్ళకి బహుమతి అని ఆటాడించాను. ఓనరమ్మ గెలిచింది. నావి ఆరు డబ్బాలు దాచుకున్న మనిషికి ఏడోది నా చేత్తో ఇచ్చాను.

ఆ అమ్మాయి మాత్రం టీలందిస్తూ, వచ్చిన ప్రతివాళ్ళ చేతికేసీ చూస్తోంది. నీలం మూత కనపడగానే ఆగుతుంది. దగ్గరికొస్తే అది గుండ్రంది. మళ్ళీ కదులుతుంది. ఆరయ్యేసరికి హాలు ఖాళీ. ముప్పై పైగా డబ్బాలు వచ్చాయి, అదొక్కటే రాలేదు. ఆ పిల్ల కప్పులు కడుగుతూ కూర్చుంది. చచ్చిపోవాలనిపించింది నాకు.

సమోసా పళ్ళేలు పట్టుకుని కిందికి దిగితే గేటు దగ్గర ఒక పెద్దావిడ. నాలా పక్క గుడిసెల్లో ఉంటుంది, మధురానగర్‌లో రెండు మూడిళ్ళలో అంట్లు తోముతుంది. చాలాసేపట్నుంచి అక్కడే నిలబడిందట. కాళ్ళకి బురదుందని మెట్లెక్కలేదట. కొంగు కింద ఏదో పట్టుకుంది.

"డబ్బాల పార్టీ గిక్కడనేనా బిడ్డా? ఇడ్లీ బండాయన సదివి చెప్పిండు" అని కొంగు తీసింది. నీలం మూత!

"గిది చెట్టుకు చిక్కింది. లోపల కాయిదాలున్నయ్. నాకు సదువు రాదు, గని మొహర్లు కొట్టున్నయ్, ఎవలకో పనికొచ్చేటివని దాసిన."

నేను పెట్టిన కేకకి ఆ అమ్మాయి మెట్ల మీంచి దూకినంత పని చేసింది. మూత ఎత్తింది. 'టుప్'. ఒక్కో కాగితం తీసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి, అన్నీ పొడిగా ఉన్నాయి. అప్పుడు కూలబడి భోరుమంది, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే. పెద్దావిడ బెదిరిపోయింది.

"తడ్వలే బిడ్డా, నేను తడ్వనియ్యలే" అంది. తర్వాత నావైపు తిరిగి, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించింది. "ఖాళీగ ఇస్తున్న, ఏమనుకోకు. ఇన్ని చక్కెర పలుకులన్న పోసి ఇద్దామంటే ఇంట్ల లెవ్వు. ఇల్లే లేదు."

నాలుగింటి నుంచి అందరి పచ్చళ్ళూ చూసి లోలోపల వెటకారాలాడుకుంటున్న నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, దాచుకోలేదు.

పైకి పిలిచి కూర్చోబెట్టాను. ఉన్న డబ్బాలన్నీ ముందు పెట్టి, నీకేది కావాలంటే అది తీసుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.

"డబ్బాలొద్దు. తీస్కుంటె నింపియ్యాలె, నాతోని గాదు. మూతలిస్తరట గద? ఒక మూతియ్యి. మూతైతే నింపేదుండదు."

"మూత ఏ డబ్బాకి?"

"కుండకు. మంచినీళ్ళకు కుండొకటి దొరికింది. ఈగలు."

అన్నిటికన్నా పెద్ద గుండ్రటి మూత, కేకు డబ్బాది, తీసిచ్చాను. తినేవన్నీ న్యూస్‌పేపర్లో పొట్లాలు కట్టి ఇచ్చాను. పేపరు తిరిగివ్వక్కర్లేదు కాబట్టి తీసుకుంది. తర్వాత గ్యారంటీ ఫారం నింపాను. వస్తువు: కుండ. మూత పోవడానికి కారణం: వాన. పంజగుట్ట మేడమ్ అది చూసి, కుండ మన కేటలాగులో ఏ పేజీ అని అడిగింది. కొత్త మోడల్ అన్నాను. సంతకం పెట్టేసింది.

సోమవారం ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. సర్టిఫికెట్లు డబ్బాతోనే పట్టుకెళ్ళిందట, వాళ్ళ ఆఫీసులో అందరూ టిఫిను అనుకున్నారట.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మా గేటు చప్పుడైంది. పెద్దావిడ. ఈసారి కాళ్ళకి బురద లేదు. కుండ మీదకి స్టీలు పళ్ళెం దొరికిందట, నా మూత తిరిగివ్వడానికొచ్చింది. రెండు చేతులతో, తొణక్కుండా పట్టుకుంది. పైన పాత జాకెట్టు గుడ్డ కప్పి ఉంది.

"నింపేదుండదనుకున్న బిడ్డా" అంది గుడ్డ తీస్తూ. "తిర్గేస్తె ఉంది."

వెల్లకిలా తిప్పిన మూత నిండా పంచదార. అంచుల దాకా పోసింది. లోపలికి రమ్మని, అందులోంచే తీసి ఇద్దరికీ టీ పెట్టాను.