క్లచ్ తొక్కినా ఆగనిది

ఆ రోజుల్లో నాకు కోపం వస్తే నోటిదాకా వచ్చేది కాదు, నేరుగా డైరీలోకి పోయేది. (ఆ రోజులంటే మరీ వెనకటివేం కావు, డిగ్రీ అయిపోయి సురంగల్‌లో ఇంటిపట్టున ఉన్న ఏడు.) కుడి పేజీ జరిగిన సంగతులకు, ఎడమ పేజీ తిట్లకు. ఆ ఏడంతా ఎడమ పేజీలే ముందు నిండాయి.

మాకొక పాత మినీ ట్రాక్టర్ ఉండేది. దాని వెనక గడ్డి కోసే మిషన్ తగిలించి తోటల్లో గడ్డి కోసేవాళ్లం. ఇంజను బలాన్ని ఆ మిషన్‌కు అందించే ఇనుప కడ్డీని పీటీఓ షాఫ్ట్ అంటారు. నడపడం బాపు, అంటే మా నాన్న, నేర్పాడు. ఆ సీటు మీద కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, అందుకే నాకది ప్రాణం. ఒకరోజు కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్‌లో గడ్డి కోస్తూ, గేటు దగ్గర ఆపుదామని క్లచ్ నిండా తొక్కాను. ఆగలేదు. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఐదడుగులు పోయి, ఆ పట్నం ఆసామి ముచ్చటపడి పెట్టించుకున్న సిమెంటు హంస మెడ విరగ్గొట్టింది. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, అక్కడే తీర్పు చెప్పేశాడు. "పుస్తకాలు సదివే కాలుకు క్లచ్ అందుతదానే? రేపటిసంది స్టీరింగ్ ముట్టినవంటే చూడు!" పుస్తకాలు కాలితో చదువుతారా అని అడగాల్సింది. ఎడమ పేజీలో రాసుకున్నాను.

మెకానిక్ వచ్చి క్లచ్ ప్లేట్ మార్చాడు. వారం తిరక్కుండా చిన్నబాపు తొక్కినా ట్రాక్టర్ అట్లాగే పోయి మా కంచెలో దూరింది. "నేల జారుడుగ ఉన్నది" అన్నాడు. నా కాలైతే కాలు తప్పు, తన కాలైతే నేల తప్పు! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

గట్టు మీద కూర్చుని చూసి కుడి పేజీలో రాశాను: గడ్డి మిషన్ విప్పేస్తే ట్రాక్టర్ వెంటనే ఆగుతున్నది, తగిలిస్తే ఆగడం లేదు. ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకమూ చదివాను. (మా ఇంట్లో దాని అట్ట తెరిచింది నేనొక్కదాన్నే.) క్లచ్ తొక్కితే ఇంజను విడిపోతుంది గానీ, వేగంగా తిరుగుతున్న బరువైన బ్లేళ్లు ఆగవు. ఆ ఊపుతో అవే షాఫ్ట్‌ను తిప్పి, గేర్‌బాక్స్ గుండా చక్రాలను ముందుకు తోస్తాయి. సైకిల్ తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది, పెడల్ మాత్రం తిరగదు కదా, ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి. అట్లాంటిదే షాఫ్ట్‌కూ ఒకటి దొరుకుతుంది, ఓవర్‌రన్నింగ్ క్లచ్ అని. బాపుకు చూపించాను. రెండుసార్లు చదివి, "పా బిడ్డా, చేవెళ్ల పోదాం" అన్నాడు. ఎవరూ పిలవకుండానే చిన్నబాపు కూడా బండెక్కాడు.

చేవెళ్లలో స్పేర్ పార్టుల షాపు సేటు నా మొహం చూడనైనా చూడలేదు. "క్లచ్ ప్లేటా అన్నా?" అని చిన్నబాపును అడిగాడు. కాదని నోటితో చెప్పే బదులు డైరీ తెరిచి ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, షాపంతా వినేలా చదవడం మొదలుపెట్టాడు.

"చిన్నబాపు నోరు మా గడ్డి మిషన్ లాంటిది. క్లచ్ తొక్కినా ఆగదు..."

ఎడమ పేజీ! షాపులో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. బాపు దగ్గు తెచ్చుకుని అటు తిరిగాడు. సేటు జోరుగా రెండో వాక్యం అందుకున్నాడు.

"కుడి పేజీ సదువు!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు. సేటు కుడి పేజీ చదివి, నవ్వాపి, ఒక పెద్ద క్లచ్ తెచ్చి పెట్టాడు. "గిది తీస్కపో, మజ్‌బూత్ ఉంటది, ఇరగదు." లోపలి గాడులు లెక్కపెట్టాను. మా షాఫ్ట్‌కు ఆరే, దీనికి చాలా ఉన్నాయి. "ఎన్నుంటే ఏందమ్మా, సుత్తెతోని కొడితే ఎక్కుతది" అన్నాడు. "నీ చెప్పు పట్టకుంటే కాలుకు సుత్తెతోని కొట్టుకుంటవా సేటూ?" అన్నాను. ఒకసారి తెరుచుకున్న నోరు మరి! ఆరు గాడులది, ఉన్నవాటిలో పొట్టిది ఏరుకున్నాను.

చిన్నబాపు దాన్ని నాలుగు వేళ్లతో కొలిచి మెల్లగా అన్నాడు. "ఎంత పొట్టిదైనా బెత్తెడు పొడుగైతది. షాఫ్ట్ అంత కోయించాలె. లేకుంటే మిషన్ లేపినప్పుడు గుద్దుకొని గేర్‌బాక్స్ పలుగుతది."

ఆ మాట నా కుడి పేజీలో లేదు. ఎడమ పేజీలో అంతకన్నా లేదు.

షాఫ్ట్ కోయించి, క్లచ్ బిగించాక తోటలో ట్రాక్టర్ ఎక్కాను. "ఆగకపోతే?" అన్నాడు చిన్నబాపు. "నీ కొత్త బండి అడ్డం పెట్టు, చూద్దాం!" అన్నాను. పౌరుషానికి పోయి నిజంగానే మోటర్‌సైకిల్ తెచ్చి ట్రాక్టర్ ముందు పెట్టాడు. ఇంకా రెండు బారల దూరం ఉండగా క్లచ్ తొక్కాను. చక్రాలు టక్కున ఆగాయి. వెనక బ్లేళ్లు మాత్రం, ఎవరినీ తోయకుండా, వాటి మానాన అవి తిరిగి తిరిగి ఊరుకున్నాయి. చిన్నబాపు తన బండి హ్యాండిల్‌ను తువ్వాలుతో తుడిచి, "రేపు శంకర్‌పల్లి తోటకు నువ్వే పో" అని వెళ్లిపోయాడు. తప్పయిందని మాత్రం ఈనాటికీ అనలేదు.

ఇప్పుడు నా కోపాలన్నీ నోటితోనే వెళ్లిపోతున్నాయి. డైరీలో ఎడమ పేజీలు తెల్లగా మిగులుతున్నాయి. ఒక్కోసారి వాటిని చూస్తే, గొంతు పెగలని ఆ పిల్ల మీద జాలేసి నవ్వొస్తుంది. మొన్న ఏదో మాట మీద చిన్నబాపుతో గంటసేపు వాదించాను. ఆయన చెవులు మూసుకుని బాపు వైపు తిరిగాడు.

"అన్నా, దీని నోటికి గా క్లచ్ ఒకటి బిగియ్యాలె. చేవెళ్లల దొరుకుతదేమో అడుగు."