విరిగిన బెంచీల బండ్లు

గద్వాల పాత బజారు సందులో మా బస్సు ఇరుక్కున్న రోజున, ఇక ఈ ఉద్యోగం నావల్ల కాదనుకున్నాను.

అది ప్రయాణికుల బస్సు కాదు. సీట్లన్నీ తీసేసి, రెండు వైపులా బల్లలు బిగించి, రంపాలు, పానాలు, డ్రిల్లింగ్ మిషన్, చిన్న చిన్న మోటార్లు, బ్యాటరీలు, ఒక త్రీడీ ప్రింటర్ సర్దిన బస్సు. వర్క్‌షాపు పెట్టుకోవడానికి గది లేని సర్కారు బడులకు తిరిగి, పిల్లల చేత తమ చేతులతో వస్తువులు చేయించడం దాని పని. ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని నడిపేది. పని నేర్పేదాన్ని నేను. మాది వనపర్తి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కొన్నేళ్లు చేసి, రోజంతా కంప్యూటర్ తెర చూసి చూసి విసుగొచ్చి తిరిగొచ్చాను. బస్సు నడిపేది కొత్తకోట ఆయన. అంతకుముందు లారీ మీద బెంగళూరు దాకా తిరిగినవాడు. ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని.

సందులో ఒక పక్క చీరల దుకాణం మెట్లు, ఇంకో పక్క కరెంటు స్తంభం. మధ్యలో మా బస్సు. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి.

"గింత పెద్ద బండి గీ సందుల ఎట్ల దూరుతదనుకున్నరు?" దుకాణం యజమాని మెట్ల మీద నిలబడి అరిచాడు.

"బడి పిల్లల కోసం తెచ్చినమన్నా. జర ఆ స్కూటర్ పక్కకు తియ్యి," అని కాకా బతిమాలాడు.

ఆయన తీయలేదు. ఆటోవాళ్లే దిగి, స్కూటర్‌ను జరిపి, చేతులు ఊపుతూ మమ్మల్ని వెనక్కి పంపించారు. బస్సును పెద్ద రోడ్డు మీద ఆపి, నేను ఒక్కదాన్నే నడుచుకుంటూ బడికి వెళ్లాను.

ఇరుకైన ఆవరణ, దాని చుట్టూ గదులు. ఆరో తరగతి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. హెడ్‌మాస్టరు ఒక ఆడమనిషి. పిల్లలు ఆమెను పెద్ద మేడం అంటారు. నేను చెప్పిందంతా విని, ఆమె తల అడ్డంగా ఊపింది.

"లారీలు తిరిగే రోడ్డు మీద పిల్లల్ని నిలబెట్టి నేర్పుతనంటే నేను ఒప్పుకోను. సామాను లోపలికి తెస్తనంటే గది కావాలె. ఆరో తరగతికే గది లేదు, మీకు యాడికెల్లి ఇయ్యాలె?"

మూలన తాళం వేసిన గది ఒకటి నా కంట పడింది. అదేమిటని అడిగాను.

"గోదాము. అన్నీ విరిగిన బెంచీలే. పారెయ్యాలంటే పైనుంచి ఆర్డర్ రావాలె. మేము అడుగుతనే ఉన్నం, అది వస్తలేదు."

తాళం తీయించింది. గది నిండా కాళ్లు విరిగిన బెంచీలు, పగిలిన బల్లలు, చేతులు ఊడిన కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. అప్పటికే ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కొందరు మా వెనక చేరారు. వాళ్లలో బక్కపలచటి పిల్ల ఒకతి ముందుకొచ్చి లోపలికి తొంగి చూసింది. వాళ్ల అమ్మానాన్న బిల్డింగ్ పనులకు పుణె వలస పోయేవాళ్లని, ఐదో తరగతి దాకా ఆ పిల్ల అక్కడే పెరిగిందని, ఇప్పుడు నానమ్మ దగ్గర ఉండి చదువుకుంటోందని నాకు తర్వాత తెలిసింది.

"మేడం, వీటితోని తోపుడు బండ్లు చేద్దామా?" అంది. "మీ సామాను బండ్ల మీద పెట్టుకొని మేమే లోపలికి తోసుకొస్తం. బస్సు అక్కడ్నే ఉండనీ."

నేను పెద్ద మేడం వైపు చూశాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అంది. "పారేస్తే తప్పు గానీ, బాగు చేసుకుంటే తప్పేంది? చెయ్యండ్రి. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంట."

మర్నాటి నుంచే పని మొదలైంది. పనిముట్లను సంచుల్లో మోసుకొచ్చాం. నిలబెట్టగలిగిన బెంచీలు ఒక పక్క, చెక్కగా మాత్రమే పనికొచ్చేవి ఇంకో పక్క పెట్టారు పిల్లలు. రంపం పట్టడం, మేకు వంకర పోకుండా కొట్టడం, డ్రిల్లు బిట్టు విరగకుండా చూసుకోవడం నేర్పాను. బక్కపలచటి పిల్ల తన చున్నీతో తరగతి గది తలుపు వెడల్పు కొలిచి ముడి వేసుకుంది. ఏ బండి వెడల్పూ ఆ ముడి దాటకూడదని అందరికీ చెప్పింది.

మొదటి బండికి విరిగిన ఆఫీసు కుర్చీల చక్రాలు బిగించాం. చూడటానికి చాలా బాగుంది. బరువు పెట్టి తోయగానే ఆవరణలోని బండల సందులో చక్రం ఇరుక్కుని, బండి పక్కకు ఒరిగిపోయింది. స్క్రూలు, నట్లు ఆవరణంతా చెల్లాచెదురయ్యాయి. పదో తరగతి అబ్బాయిలు విరగబడి నవ్వారు.

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కిందికి వంగి స్క్రూలు ఏరుకుంటూ నాతో అంది. "చిన్న చక్రాలు సిమెంటు మీద నడుస్తయి మేడం, బండల మీద నడువయి. పెద్దయి కావాలె."

"ఎక్కడ దొరుకుతాయి?"

"చిన్నప్పటి సైకిళ్లు అందరిండ్లల్ల మూలకు పడి ఉండవా?"

ఇల్లిల్లూ తిరిగి అడిగారు. తుప్పు పట్టిన పిల్లల సైకిళ్లు ఆవరణలోకి రావడం మొదలైంది. నవ్విన అబ్బాయిలు కూడా తెచ్చారు. ముందు రెండు సైకిల్ చక్రాలు, వెనక రెండు చెక్క కాళ్లు, ఎత్తి తోయడానికి బెంచీ ఇనుప గొట్టాలతో పిడి. ఆగినప్పుడు బండి తన కాళ్ల మీద నిలబడుతుంది. మూత తెరిస్తే అదే పని బల్ల అవుతుంది. ఈసారి బండల మీద గడగడమని దూసుకుపోయింది. ఆవరణ అంతా ఈలలే.

సామాను బస్సులోంచి దింపడానికి పొడుగాటి బల్ల ఏటవాలుగా వేయాలని కూడా ఆ పిల్లే చెప్పింది. బిల్డింగుల దగ్గర ఇటుకల బండ్లు ఎక్కించడం దించడం రోజూ చూసిందట. కాకా ఆ బల్లను కాలితో తన్ని చూసి, "లారీకి కూడా గిట్ల కట్టుకునేది ఉండె బిడ్డా, అప్పుడు నువ్వు దొరకలే," అన్నాడు.

బస్సు దగ్గరి నుంచి బండ్లు బడికి కదిలిన ఉదయం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ముందు ఆ పిల్ల, వెనక వరసగా బండ్లు, వాటి మీద మిషన్లు, పక్కన కేకలు వేస్తూ చిన్న తరగతుల పిల్లలు. చీరల దుకాణం యజమాని గబగబా మెట్లు దిగి, తన స్కూటర్ తానే పక్కకు తీసి, దారిలో అడ్డంగా ఉన్న రాయి కూడా తొలగించాడు.

"మీరే చేసిండ్రా ఇవన్ని?" అని అడిగాడు.

"మేమే," అన్నారంతా ఒక్కసారే.

బడి గేటు దగ్గర పెద్ద మేడం నిలబడి ఉంది. చప్పట్లు కొట్టింది. ఆమెతో పాటు టీచర్లందరూ కొట్టారు.

ఆ సాయంత్రం పెద్ద మేడం నన్నూ ఆ ఆడపిల్లల్నీ ఖాళీ అయిన గోదాము దగ్గరికి తీసుకుపోయింది. అప్పటికే దాన్ని కడిగించి, సున్నం వేయించింది. "ఇది మీకే. మీ వర్క్‌షాపు ఇందుల్నే పెట్టుకోండ్రి," అంది. నేను సంతోషంగా తల ఊపబోయాను.

"మాకొద్దు మేడం," అంది ఆ పిల్ల. "బండ్లు మేడ మెట్ల కింది జాగల సరిపోతయి, కొలిచి చూసిన. ఆరో తరగతోళ్లు వరండాల వానకు తడుస్తున్నరు. ఇది వాళ్లకియ్యండ్రి."

మర్నాడు ఆరో తరగతి, బాగు చేసిన బెంచీలతో సహా, ఆ గదిలోకి వెళ్లింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేలక పెద్ద కొట్లాట జరిగింది. అంత మంచి కొట్లాట నేను ఏ బడిలోనూ చూడలేదు.

తర్వాత మేము మానవపాడు దిక్కు ఒక బడికి వెళ్లినప్పుడు, పెద్ద మేడం అనుమతితో ఆ ఆడపిల్లల్ని కూడా బస్సులో తీసుకెళ్లాం. అక్కడా గది లేదు, విరిగిన బెంచీలకు మాత్రం లోటు లేదు. నేను సుద్దముక్క పట్టుకుని చెప్పబోతుంటే, బక్కపలచటి పిల్ల చేయి చాపింది. సుద్దముక్క ఇచ్చి వెనక్కి తప్పుకున్నాను. కొత్త పిల్లల ముందు ఒక క్షణం తడబడింది. తర్వాత బోర్డు మీద బండి బొమ్మ గీసి, గొంతు సవరించుకుంది.

"మొదలు మీ తలుపు ఎంతుందో కొలుద్దాం. ఎవరొస్తరు నాతోని?" అని అడిగింది. తరగతి మొత్తం లేచి నిలబడింది.