బహీజా ఖాలా కిటుకు

ఈజిప్టులోని దమన్‌హూర్‌లో మా ఆడపిల్లల హైస్కూలు మరుగుదొడ్లు ఉన్నంత తెల్లగా మా హెడ్‌మిస్ట్రెస్ పళ్ళు కూడా ఉండవు. అదంతా మా అందరికీ పిన్నిలాంటి బహీజా ఖాలా చలవ. చేసేది ఊడ్చి తుడిచే పనే గానీ పెత్తనం మాత్రం బడి మొత్తం మీద. టీచర్లను అబ్లా అంటూనే అదిలిస్తుంది, పిల్లల్ని పేరుపేరునా తిడుతుంది, ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే జేబులోంచి నువ్వుల బిళ్ళ తీసి పెడుతుంది. ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది. దుమ్ము వల్ల అన్నాడు డాక్టరు, మేమూ నమ్మాం.

ఆ పూట నేను కెమిస్ట్రీ క్లాసులో అయాన్లకు పేర్లు పెట్టే పద్ధతి చెబుతున్నాను. క్లోరిన్‌తో ఆక్సిజన్లు మూడుంటే క్లోరేట్. ఒకటి తగ్గితే క్లోరైట్, ఇంకొకటి కూడా తగ్గితే హైపోక్లోరైట్. పిల్లలు గుడ్లు తేలేశారు. ఈ హైపోక్లోరైట్ ఎక్కడో లేదర్రా, మీ ఇళ్ళలో బట్టలు తెల్లబరిచే సీసాలోనే ఉందన్నాను. దానికి యాసిడ్ తగిలితే విషవాయువు పుట్టి ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుందని కూడా చెప్పాను.

గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న బహీజా ఆగిపోయింది.

“అదేంటి అబ్లా, ఆ రెండూ కలిపితేనే కదా మరకలు పోయేది? పొగ ఎంతొస్తే అంత శుభ్రం.”

ఆ తెలుపు ఎక్కడిదో, ఆ దగ్గు ఎక్కడిదో ఒక్కసారే తెలిసింది. నాలుగు చీవాట్లు పెడదామనుకునేలోపే ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈ కిటుకు పొద్దున్నే కూతురికి చెప్పిందట. కూతురు సమాహ్‌కి ఏడో నెల. అత్తగారు వస్తోందని స్నానాలగది కడుగుతోందట.

బడికి ఫోన్లు తేకూడదు. అయినా డెస్కుల్లోంచి గబగబా ఫోన్లు బయటికొచ్చాయి, నేనేమీ అనలేదు. బహీజా చెప్పిన నంబరుకి ఒక పిల్ల స్పీకర్ పెట్టి కలిపింది. అది మోగుతూనే ఉంది. చివరికి సమాహ్ ఎత్తింది. తల్లి గొంతు వినగానే పలికింది, దగ్గుతూ.

“మెరిసిపోతోందమ్మా. పొగ పోకుండా తలుపు కూడా వేసుకున్నా, నువ్వు చెప్పినట్టే.”

నేను ఫోన్ లాక్కుని, ఉన్నపళంగా బయటికి పరుగెత్తమని అరిచాను. గడియ తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు దగ్గు. బహీజా నా చెయ్యి పట్టుకుని నిలబడింది. కాస్త ఊపిరి అందగానే సమాహ్ నా మీద విరుచుకుపడింది.

“ఎవరు నువ్వు? మా అమ్మకంటే నీకెక్కువ తెలుసా?”