శనివారం ఆకు

ఆకు వెయ్యకపోవడం కూడా ఒక కబురేనా? తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్నను లోపలే మోస్తున్నాను. అడగడానికి ఉన్న ఒక్క మనిషీ మొన్న శనివారం వెళ్ళిపోయారు.

ఆ సంగతి నాకు తెలిసిన తీరు ముందు చెప్పాలి. పదకొండు గంటలకు క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే ఫోను మోగింది. మెస్సు నడిపే దొడ్డమ్మగారి మేనకోడలు.

"మేడంగారూ, ఏవైనా తిన్నారాండీ?"

"ఇప్పుడేం తినడం? శనివారం కదా, మీ దగ్గరికే వస్తాను."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"వద్దండీ. అక్కడే ఏదో ఒకటి కాస్త నోట్లో వేసుకుని, అప్పుడు ఫోను చెయ్యండి."

ఆ ఇంటి పద్ధతి తెలిసినదాన్ని గనక నాకు అర్థమైపోయింది. పక్కావిడ బల్ల మీదున్న అరటిపండు అడిగి తీసుకుని, నిలబడే తిని, మంచినీళ్ళు తాగి, ఫోను చేశాను.

"అత్తయ్య వెళ్ళిపోయిందండీ. పదింటికి. పెరట్లో అరటాకులు కోసుకొచ్చి, కడిగి, గోడకి ఆనించి అక్కడే కూర్చుంది. ఇంక లేవలేదు."

అమలాపురంలో కాలవ వంతెన దిగి సందులోకి తిరిగితే మూడో ఇల్లు. బోర్డు లేదు. వసారాలో బల్లలు, గోడవారగా నీళ్ళ బిందె, లోపల కొబ్బరి డొక్కల పొయ్యి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద లెక్చరరుగారు నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. ముద్దపప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మజ్జిగపులుసు, గుమ్మడి వడియాలు, గడ్డపెరుగు. ఉన్నది అదే. ఏం కావాలని ఎవరూ అడగరు. పొయ్యి మీంచి దించిన అన్నం తిన్నగా ఆకులోకి వచ్చేది. వేడికి ఆకు రంగు మారి, ఒక వాసన లేచేది. ఎంత చిరాకుగా వెళ్ళినా ఆ వాసనకి భుజాలు కిందికి దిగేవి.

ఆకుల సంగతే అందరికీ వింత. దొడ్డమ్మగారు పొద్దున్న పదింటికే ఆ పూటకి కావలసినన్ని ఆకులు కోసి గోడకి నిలబెట్టేవారు. ఒకరోజు తొమ్మిది, ఒకరోజు పదహారు. ఫోను చేసి చెప్పేవాళ్ళు లేరు. అయినా చివరి మనిషి కూర్చునేసరికి గోడ దగ్గర ఆకు మిగిలేది కాదు, తగ్గేదీ కాదు. కొత్తలో నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. తర్వాత మానేశాను. ప్రతిసారీ సరిపోతుంటే ఒళ్ళు అదోలా అయ్యేది.

"ఈవిడకి కర్ణపిశాచి చెబుతుందండీ," అన్నారొకసారి రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తాగారు.

"ఆయ్, చెబుతుంది," అన్నారు దొడ్డమ్మగారు నెయ్యి వడ్డిస్తూ. "పొద్దున్న మీ ఆవిడ మీతో మాట్లాడకుండా పుట్టింటికెళ్ళిందనీ చెప్పింది. ఇంకో ముద్ద వేసుకోండి, సాయంత్రం దాకా ఏవుండదు మీకు."

వసారా అంతా నవ్వింది. గుమాస్తాగారు నవ్వలేదు. నిజమే అయ్యుంటుంది.

ఆవిడ పద్ధతుల్లో ఇంకొకటి ఉంది. ఆకు ముందు కూర్చున్నవాళ్ళకి చెడ్డ కబురు చెప్పనిచ్చేవారు కారు. ఒక మధ్యాహ్నం ఎవరో ఆయన ఆదరాబాదరా లోపలికి వచ్చి, తింటున్న ఒక టీచరుగారి వైపు వెళ్ళబోయాడు. దొడ్డమ్మగారు గరిటె అడ్డంపెట్టి ఆపి, అతని మొహం చూసి, అరుగు మీద కూర్చోబెట్టారు. టీచరుగారు మజ్జిగన్నం దాకా నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళాకే, వాళ్ళమ్మగారు పోయారని తెలిసింది.

నేను తర్వాత అడిగాను. "పాపం, అతను అంత పరుగున వస్తే..."

"తెలిసేక మళ్ళీ ఎన్నాళ్ళకి తింటాడోనమ్మా. పోయినావిడ ఎలాగూ ఆగదు. అన్నం ఆగదు. కబురే కాసేపాగాలి."

ఎంత బాగుందో అనుకున్నాను. క్లాసులో పిల్లలకి కూడా చెప్పాను.

మా అన్నయ్య కాట్రేనికోనలో ఉండేవాడు. రొయ్యల మేత కొట్లో పని. శనివారం ఏదో పని పెట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. అసలు పని నాతో కలిసి దొడ్డమ్మగారి దగ్గర భోంచెయ్యడం. కంద బచ్చలి కూర అంటే ప్రాణం. తన పెరట్లో కంద తవ్వి, పొద్దున్నే మొదటి ట్రిప్పు బస్సు కండక్టరు చేతికిచ్చి మెస్సుకి పంపేవాడు. తను తర్వాతి బస్సులో వచ్చేవాడు. మా ఇద్దరికీ కిటికీ పక్క బల్ల. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నన్ను ఎమ్మే చదివించడానికి ఇంట్లో అందరితో పోట్లాడినవాడు, ఆ బల్ల దగ్గర మాత్రం నేను ఏం చెప్పినా తల ఊపేవాడు.

తొమ్మిదేళ్ళ కిందటి ఆ శనివారం పన్నెండున్నరకి వెళ్ళాను. కిటికీ పక్క బల్ల మీద ఒక్కటే ఆకు. గోడ దగ్గర చూశాను. మిగతావాళ్ళకి సరిపడా ఉన్నాయి, అంతే.

"అన్నయ్య కూడా వస్తాడండీ," అన్నాను.

దొడ్డమ్మగారు ఆకు మీద నీళ్ళు చల్లుతున్నారు. తలెత్తలేదు. "వస్తే కోస్తానమ్మా. ముందు నువ్వు తిను."

ఆవిడ లెక్క తప్పడం అప్పటిదాకా చూడలేదు. పక్కన ఖాళీగా ఉన్న బల్ల తడి గుడ్డతో తుడిచి ఉంది. అటు చూడకుండా తిన్నాను. కంద బచ్చలి కూర. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. పెరుగు దాకా తిని, చెయ్యి కడుక్కుని, సంచిలోంచి ఫోను తీశాను. క్లాసులో సైలెంటులో పెట్టి నోరు నొక్కిన ఫోను అలాగే ఉంది. వదిన నుంచి ఏడు కాల్స్. తిరిగి చేశాను.

పొద్దుటి నుంచీ అన్నయ్యకి గుండెల్లో మంటట. గ్యాసు అని పడుకున్నాడట. ఆస్పత్రికి రమ్మంటే రానన్నాడట. "మీ మాటైతే వింటారని చేశానండీ," అంది వదిన ఏడుస్తూ. అప్పటికే ఆటోలో ఉన్నారు. దారిలోనే పోయాడు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళమన్నారు డాక్టరుగారు.

నేను భోజనం దగ్గర కూర్చున్నది ముప్పావుగంట.

తర్వాత ఎప్పుడో, కర్మలన్నీ అయ్యాక, కంద గుర్తొచ్చింది. కంద వచ్చిందంటే కండక్టరు వచ్చాడు. కండక్టరు వచ్చాడంటే అన్నయ్య ఏదో చెప్పి పంపే ఉంటాడు. ఒంట్లో బాగాలేదు, ఇవాళ రాను, చెల్లాయికి చెప్పండి అని. చెప్పాడా? లేక కంద అంతకు ముందు వారందా? ఆ కండక్టరు ఒకసారి బస్సులో కనబడ్డాడు. టికెట్ అన్నాడు. తీసుకున్నాను. దిగిపోయాను.

అడిగితే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలితే మళ్ళీ ఆ వసారా ఎక్కగలనో లేదో. ఆవిడ మీద నెపం పెట్టడం తేలికనీ, నోరు నొక్కిన ఫోను మాత్రం నాదేననీ కూడా నాకు తెలుసు.

కర్మలయ్యాక వచ్చిన మొదటి శనివారం వెళ్ళి కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. దొడ్డమ్మగారు వచ్చి నా ఆకులో పప్పూ అన్నం తన చేత్తో కలిపి, చిన్నచిన్న ముద్దలు పెట్టారు. "తినాలమ్మా. ఏడవడానిక్కూడా ఓపిక కావాలి." ఆవిడ నా మొహం వైపు చూడలేదు. జాలి వల్లో, మరెందువల్లో. తిన్నాను. తొమ్మిదేళ్ళు తిన్నాను. ఇల్లు, ఉద్యోగం, నా బుర్ర, అన్నీ గందరగోళంగా ఉన్న రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ అన్నమే. ఇది కూడా నిజమే.

మొన్న నేను వెళ్ళేసరికి దొడ్డమ్మగారిని ముందు గదిలో పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. భోజనాల వేళకి, సంగతి తెలియనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సందులో నిలబడిపోతున్నారు. పొయ్యి వెలగలేదు. అయినా వసారాలో ఆ వాసన ఉంది. ఉందని నాకే అనిపించిందేమో.

మేనకోడలిని అడిగాను. "ఎంతమంది వస్తారో ఎలా తెలిసేదమ్మా ఆవిడకి?"

"పెద్ద విద్యేం కాదండీ. తెల్లారి వంతెన దగ్గరికి ఆకుకూరలకెళ్ళేది కదా. బస్సులోళ్ళనీ, ఆటోలోళ్ళనీ, కూరలమ్మేవాళ్ళనీ, అందరినీ అడిగొచ్చేది."

"మా అన్నయ్య పోయిన రోజు..."

"నేనొచ్చి అయిదేళ్ళేనండీ. అప్పటివి నాకు తెలీవు."

గోడ దగ్గర ఆకులు అలాగే ఉన్నాయి. పద్నాలుగు. సందులో నిలబడినవాళ్ళని చూశాను. నాతో కలిపి పదమూడు మంది. ఒంటిగంటన్నర దాటినా ఇంకెవరూ రాలేదు.

"ఒకటి ఎక్కువుందేం?" అన్నాను.

"ఇన్నెందుకని నేనూ అడిగేనండీ పొద్దున్న. 'శనివారం కదే' అంది. ఎవరికని అడగలేదు నేను."

ఎండకి ఆకులు వాడి, అంచులు ముడుచుకుంటున్నాయి. ముందున్న ఆకు జారి, కిటికీ పక్క, మేం కూర్చునే బల్ల కింద వెల్లకిలా పడింది. దాని ఈనె దగ్గర మడతలో కాస్త తడి మిగిలి ఉంది. ఎవరూ తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

వయసు మీద పడిన పెద్దావిడ లెక్క తప్పారా, ఇంకెవరో వస్తామని చెప్పి రాలేదా, లేక తొమ్మిదేళ్ళ కిందట వెయ్యని ఆకు ఆ వేళ కోశారా, నాకు తెలియదు. అన్నయ్య సంగతి ఆ మధ్యాహ్నం ఆవిడకి తెలుసో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తెలిసే నా ఆకులో కంద బచ్చలి వడ్డించి ఉంటే, దాన్ని దయ అనాలో మరేమనాలో అదీ తేల్చుకోలేకపోతున్నాను.