ఆయుధపూజలో కంప్యూటరు

గదగు కొత్త బస్టాండు వెనక వీధిలో రుద్రగౌడ అంటే ఎవరికీ పడదు. కరెంటాఫీసులో సూపర్‌వైజరుగా రిటైరైనవాడు, అక్కడి అజమాయిషీని అక్కడే వదిలెయ్యకుండా ఇంటికి మోసుకొచ్చాడు. లైన్‌మెన్లు దొరక్క కోడలు కస్తూరి మీద పడ్డాడు. కొడుకు సంగమేశ బస్సు డ్రైవరు. డ్యూటీ ఉంటే రోడ్డు మీద, లేకపోతే నిద్రలో. తండ్రి ముందు నోరు విప్పిన పాపాన పోలేదు.

ఆ ఇంట్లో ఇదివరకు పాత కంప్యూటరుండేది. పెట్టగానే పిండిమరలా మోగేది. వరండాలో పడుకునే రుద్రగౌడకు కోడలు దాని ముందు కూర్చున్న సంగతి ఇట్టే తెలిసిపోయేది. అది పాడయ్యాక సంగమేశ అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు. వార్తల చర్చలు, సినిమాలు, ఇంటి బిల్లులు, అన్నీ అందులోనే. చప్పుడన్నదే లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే ముసలాయనకు కంటగింపయింది. బయటికెళ్ళి వస్తే చెప్పులైనా విప్పకుండా ముందు పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు, పిల్లాడికి జ్వరం చూసినట్టు.

"వెచ్చగా ఉందేం?"

"గ్యాసు బుక్ చేశాను, మావా."

"గ్యాసుకే ఇంత వేడెక్కుద్దా? బతుకంతా కరెంటుతో గడిపినోణ్ణి, నా దగ్గరా నీ కబుర్లు?"

ఆ పూట కస్తూరికి ముద్ద దిగేది కాదు. బీఏ చదివిన మనిషి, సొంత ఇంట్లో దొంగలా బతకడమంటే ఒళ్ళు మండదూ?

అలా దొంగతనంగా కూర్చున్నప్పుడే ఒక ప్రకటన చూసింది. బిజాపూరులో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్ కావాలట. ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారట. ఉద్యోగం కన్నా ఆ ఇల్లే ఆమెను పట్టుకుంది. మావ చెయ్యి చేరని ఇల్లు. సంగమేశకు చెబితే తల గోక్కుని, "నేను బిజాపూరు డిపోకి బదిలీ అడుగుతాలే. నాన్నకు మాత్రం నువ్వే చెప్పుకో" అన్నాడు. మొగుడికున్న ధైర్యం అంతే. దానికే ఆమె సంతోషించింది.

సర్టిఫికెట్లు పెట్టెలోకి ఎక్కించింది, దరఖాస్తు నింపింది. ఫోటో ఒక్కటే మిగిలింది. స్టూడియో వాడు రేపు మాపు అని తిప్పి ఫోటో ఇచ్చేసరికి ఆఖరి రోజు వచ్చేసింది. అదే ఆయుధపూజ.

పొద్దున్నే తలస్నానం చేసి వచ్చేసరికి టీవీ కింద పెట్టె లేదు. దేవుడి గదిలో పీట మీద, కటింగ్ ప్లేయరు పక్కన, విభూతి పూసుకుని, దారం చుట్టించుకుని ఉంది. గాలాడే సందుల్లోకి కూడా కుంకుమ కూరేశాడు మహానుభావుడు.

"మావా, దాంతో చిన్న పనుంది."

"పూజలో పెట్టింది ముట్టుకుంటావా? పనిముట్టుకి ఇవాళ సెలవు. రేపు దారం విప్పుతా, అప్పుడు చేసుకో."

"రేపటికి గడువు దాటిపోతుంది."

"అయితే మరీ మంచిది."

కస్తూరి బజారుకు పరిగెత్తింది. జిరాక్సు కొట్లన్నిటికీ బంతిదండలే. లోపల కంప్యూటర్లకూ బొట్లు పెట్టేశారు. "రేపు రా అక్కా" అన్నారు. ఉత్తచేతులతో తిరిగొచ్చింది గానీ ఏడవలేదు. ఏడిస్తే ఆయనకు అసలు పండగ.

మధ్యాహ్నం రుద్రగౌడ పాత ఆఫీసువాళ్ళు బొబ్బట్ల భోజనానికొస్తున్నారు. మా ఇంటి హోళిగలు తిని చూడండని వారం నుంచి డప్పు కొడుతున్నాడు. కస్తూరి వంటింట్లోకి వెళ్ళింది. పెనం, గరిటెలు, అప్పడాల పీటా కర్రా, కత్తి, పొయ్యి వెలిగించే లైటరు, అన్నీ తెచ్చి దేవుడి పీట మీద పేర్చి విభూతి రాసింది. కొత్త దారం తీసి పెట్టెతో సహా అన్నిటినీ కలిపి చుట్టింది. ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

వాళ్ళొచ్చారు, కాళ్ళు కడుక్కున్నారు, చాపల మీద సర్దుకున్నారు. వంటింట్లోంచి వాసన లేదు.

"వడ్డించవేం?" అన్నాడు రుద్రగౌడ.

"పనిముట్లన్నీ పూజలో ఉన్నాయి మావా. ఇవాళ ముట్టకూడదు కదా."

వచ్చినవాళ్ళలో ఈరప్ప అని, ఒకప్పుడు ఆయన కింద నలిగిన లైన్‌మన్ ఉన్నాడు. "కోడలు చెప్పింది నిజమే గౌడ్రే. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినా మీరు ఇవాళ స్పానరు పట్టుకోనిచ్చేవారా?" అన్నాడు తాపీగా. మిగతావాళ్ళు మీసాల్లో నవ్వుకున్నారు.

రుద్రగౌడ మొహం కందగడ్డయింది. "నలుగురిలో పరువు తీస్తావా? తియ్యి ఆ దారం" అని పళ్ళు నూరాడు.

"పూజ పెద్దలు మీరు. మీరే విప్పాలి."

ఆయన వంగి దారం తెంపి గరిటె లాగాడు.

"ఒకదానికి విప్పి ఇంకోదానికి ఉంచకూడదు, మావా."

అందరూ చూస్తున్నారు. ఆయన పెట్టె మీది దారం కూడా తన చేత్తోనే విప్పాడు. కస్తూరి కుంకుమ ఊది, కొంగుతో తుడిచి, తీసుకెళ్ళి టీవీకి తగిలించింది. ఆకలితో ఉన్న అతిథులు చేసేదేం లేక టీవీ వైపు తిరిగారు. గోడంత తెర మీద దరఖాస్తు విచ్చుకుంది. ఫోటో ఎక్కింది.

"హాస్టల్ వార్డెన్... బిజాపూరు... ఉచిత వసతి" అని ఈరప్ప కూడబలుక్కుని చదివాడు.

ఆమె మీట నొక్కింది. దరఖాస్తు వెళ్ళిపోయింది.

"బిజాపూరెవరు పోతారు?" అన్నాడు రుద్రగౌడ.

"నేనూ మీ అబ్బాయీ."

"ఉద్యోగం రాకపోతే?"

"ఇంకో ఊరు చూస్తా. ఊళ్ళకేం కరువు?"

"మరి నేను?"

కస్తూరి పీటా కర్రా చంకలో పెట్టుకుని వంటింటి వైపు నడిచింది.

"పెట్టెను మీకే వదిలేసి పోతాను, మావా" అంది వెనక్కి చూడకుండా. "మీరూ అదీ ఉండండి."