శౌచానికి నేను చెప్పిన అర్థం

మా చిన్నప్పుడు... పెడనలో ఆదివారం పొద్దున్నే మా బడి వరండాలో యోగా ఉండేది. ఇప్పటిలా రంగురంగుల మ్యాట్లు లేవు. ఎవరి దుప్పటి వాళ్లు మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్లేవాళ్లం. నాది కలంకారీ దుప్పటి... అచ్చు పక్కకి పడిందని షాపువాళ్లు తిప్పి పంపింది.

గూడూరు నుంచి సైకిల్ మీద ఒక సంస్కృతం మాస్టారు వచ్చేవారు. అప్పటికే రిటైరయ్యారు. ఆసనాలు వేయించడం కంటే మాటలకి అర్థాలు చెప్పడమే ఆయనకి ఇష్టం. ఆసనమంటే ఒళ్లు మెలికలు తిప్పడం కాదర్రా, కదలకుండా హాయిగా కూర్చోవడం అనేవారు. పూరకం అంటే ఊపిరి పీల్చడం, రేచకం అంటే వదలడం, మధ్యలో కుండలో నీళ్లలా నిలిపి ఉంచితే కుంభకం. అస్తేయం అంటే మనది కానిది ముట్టకపోవడం. అపరిగ్రహం అంటే అవసరానికి మించి పోగుచేయకపోవడం... మేం అవన్నీ ఎక్కాల్లా బట్టీ పట్టేవాళ్లం.

పెద్దవాళ్లలో వచ్చేది మా నాన్న ఒక్కడే. నాన్న కలంకారీ అద్దకం పనివాడు. రోజంతా నడుం వంచి, చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద అద్దడమే పని. నడుం నొప్పికి మంచిదని ఎవరో చెబితే వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు.

కుంభకం గురించి విన్న రోజున, "అచ్చు పెట్టేటప్పుడు చెయ్యి కదలకుండా ఊపిరి బిగబడతాం కదండీ, అదేనాండీ?" అని అడిగాడు.

"అదేనయ్యా. ఇంక నీకు నేను నేర్పేదేముంది" అన్నారు మాస్టారు.

ఆ ముక్క నాన్న ఇంటికొచ్చి అమ్మకి మూడుసార్లు చెప్పుకున్నాడు. బడి మెట్టు ఎక్కని మనిషికి అది ఎంత పెద్ద మెప్పో అప్పుడు నాకు తెలియదు.

ఇక నాన్న చేతులు... తుప్పు పట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ కుండలో రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు తీసేవారు. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డకి అది తగిలితే నల్లగా పట్టేస్తుంది. గుడ్డని పట్టింది చేతుల్ని వదులుతుందా... గోళ్లు, వేళ్ల సందులు, అరచేతి గీతలు అన్నీ నలుపే. ఎంత తోమినా అంతే. మా పక్క బెంచీ పిల్ల ఒకరోజు, "మీ నాన్న చేతులు కడుక్కోడా?" అంది. ఆ రోజు నుంచీ నాకు ఆ చేతులంటే సిగ్గేసేది. దాచుకోవడమెందుకు... సిగ్గేసేది.

ఒకసారి మాస్టారు తల్లిదండ్రులందర్నీ పిలిచారు. పిల్లలు తలా ఒక మాట తీసుకుని, దాని అర్థం అందరి ముందూ చెప్పాలి. నాకు శౌచం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నాన్న అన్నం తింటుంటే చెప్పేశాను. "రేపు నువ్వు రావద్దు నాన్నా. నేను శుభ్రం గురించి చెప్పాలి. నీ చేతులు చూసి అందరూ నవ్వుతారు."

అమ్మ గరిటె ఎత్తి నా మీదకి వచ్చింది. నాన్న ఆపాడు. "పోనీలే, పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది" అన్నాడు. తర్వాత పళ్లెంలోకి చూస్తూ మెల్లిగా తిన్నాడు.

గుడ్డ మీద పొరపాటున నల్లచుక్క పడితే తీయడానికి షెడ్డులో యాసిడ్ నీళ్లు వాడేవారు. అద్ది వెంటనే కడిగేస్తే మరక పోతుంది. ఆ సాయంత్రం నాన్న ఆ సీసా తెచ్చి దొడ్లో కూర్చుని చేతులకి రాసుకున్నాడట. గుడ్డకి పనికొచ్చేది చేతికీ పనికొస్తుందనుకున్నాడు. చుక్కకి అద్దేది అరచేతులంతా పోసుకున్నాడు... మరక కదల్లేదని ఇంకాసేపు ఉంచుకున్నాడు.

నాకేం తెలియదు. మర్నాడు వరండాలో నిలబడి, "శౌచం అంటే శుభ్రం. అది రెండు రకాలు. ఒంటికి నీళ్లతో వచ్చే శుభ్రం, మనసుకి మంచి ఆలోచనలతో వచ్చే శుభ్రం" అని గడగడా చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో నాన్న ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

పెద్దవాళ్లంతా నమస్కార ముద్ర పట్టండి అన్నారు మాస్టారు. నాన్న పట్టలేదు. మాస్టారు దగ్గరికెళ్లి, "ఏమయ్యా?" అంటే, "చేతులు కాస్త బాలేవండీ" అన్నాడు. ఆయన ఊరుకోకుండా ముందుకి లాగి చూశారు.

తోలు ఊడి ఎర్రగా, బొబ్బలెక్కి ఉన్నాయి. గోళ్ల అంచుల్లో మాత్రం నలుపు అలాగే ఉంది.

"ఇదేం పనయ్యా?" అన్నారు మాస్టారు.

"పనిలో మరకండీ. తీద్దామని..." అన్నాడు నాన్న. నా పేరెత్తలేదు. రెండు అర్థాలూ గడగడా చెప్పినదాన్ని, నా వల్లే అన్న ఒక్క మాట చెప్పలేకపోయాను.

మూడు వారాలు నాన్న అచ్చు పట్టలేదు. అమ్మే అన్నం కలిపి తినిపించింది. చేతులు మానాయి గానీ ఆదివారం యోగాకి నాన్న మళ్లీ రాలేదు. అంతకుముందు నా తల నిమిరేవాడు, జడ పట్టుకుని లాగేవాడు. తర్వాత నన్ను తాకబోయే ముందు ఒకసారి చేతులు చూసుకుని ఆగిపోయేవాడు. ఆ ఆగిపోవడం ఎన్నేళ్లు చూశానో...

కళ్లు మసకబారాక నాన్న పని మానేశాడు. ఏడాది తిరిగేసరికి చేతులు తెల్లబడ్డాయి. బందరు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఈసారైనా చెబుదామనే వెళ్లాను. నాన్నే ముందు అన్నాడు...

"ఇప్పుడు శుభ్రంగానే ఉన్నాయి కదమ్మా."

ఎగతాళి కాదు, నిష్ఠూరం కాదు. నిజంగానే అడిగాడు. తల ఊపాను... అదొక్కటే చేశాను.

ఇప్పుడు యోగా క్లాసు వీధికొకటి ఉంది. ఏ మాటకి అర్థం కావాలన్నా ఫోన్ చెప్పేస్తుంది. పెడనలో మా నాన్న పనిచేసిన షెడ్డు మూతబడింది, ఆ నలుపు అంటిన చేతులు వెతికినా ఎక్కువ కనిపించవు. మొన్న మా క్లాసులో టీచరమ్మ శౌచం అంటే ఏమిటో ఎవరైనా చెప్పండి అంటే నేను చెయ్యెత్తలేదు.

పని మరకలున్న చేతులు మీ ఇంట్లోనూ ఉండేవా... రాయండి, చదువుతాను. ఇంకా ఉంటే మాత్రం ఇక్కడ రాయడం తర్వాత. ముందు వెళ్లి ఆ చేతులు పట్టుకుని, చెప్పాల్సింది చెప్పేసి రండి.